కాసెల్ నగరపు శోభ – దాని వెల

జర్మనీ దేశమును చూడబోవువారు సామాన్యముగా బెర్లినునకును, మ్యూనికునకును, డ్రెస్డెనునకును పోవుదురు. ఆ దేశపు నడిబొడ్డున, ఫుల్డా నది యొడ్డున నున్న కాసెల్ అను పట్టణమున బండి దిగువారు తక్కువ. దిగినవారిలో ననేకులు అయిదేండ్ల కొకసారి నూరుదినములు జరుగు చిత్రకళా ప్రదర్శనమును చూచి మరలిపోవుదురు. రెండులక్షల జనసంఖ్య గల యీ యూరిని గురించి వ్రాయుటకు నాకొక కారణము కలదు. ఒక యూరి యందమును ఎవరు కట్టించిరో శిలాశాసనములు చెప్పును. ఆ యందమునకు ఎవరు వెల యిచ్చిరో ఏ శాసనమును చెప్పదు. కాసెల్ నగరము ఆ రెండవ ప్రశ్నకు ఆలస్యముగా, తడబడుచు, ఒక్కొక్కప్పుడు మనసొప్పకయు, తన వీథులలోనే జవాబు వ్రాసికొనుచున్న యూరు.

పట్టణమునకు పడమట అడవితో నిండిన కొండ యొకటి కలదు. హెస్సే-కాసెల్ సంస్థానాధిపతి యగు కార్ల్ ప్రభువు దాని కొమ్మున 1701 మొదలుకొని 1717 వరకు ఇటలీ దేశపు శిల్పి గ్వెర్నియేరో చేత నొక మహాకట్టడమును కట్టించెను. క్రింద ఎనిమిది పలకల రాతికోట. కోటపై సూదివంటి శిఖరము. శిఖరముపై గ్రీకు పురాణములలోని హెర్క్యులీసు వీరుడు గదపై ఒరగి నిలిచి యుండును. విగ్రహ మొక్కటియే ఎనిమిది మీటర్ల పైచిలుకు. ఆగ్స్‌బుర్గ్ నగరపు స్వర్ణకారుడు ఆంతోనీ రాగిరేకులను సాగగొట్టి దీనిని చేసెను. గద లోపల కొందరు మనుష్యులు కూర్చుండునంత చోటున్నది. అందులోని కెక్కి కూర్చుండుట పూర్వకాలపు యాత్రికుల కొక వేడుక.

ఆ కోట పాదమునుండి మెట్లమెట్లుగా నీరు దిగును. మే నెల మొదలు అక్టోబరు తొలి దినములవరకు బుధవారములందును ఆదివారములందును జలక్రీడ జరుపుట యిచ్చటి ఆచారము. కొండమీద నిలువచేసిన నీటిని విడుతురు. అది 250 మీటర్ల పొడవు గల సోపానములను దిగి, అడవిలోని కృత్రిమ జలపాతములగుండ పారి, కూలిపోయిన రోమను కాలువవలె బుద్ధిపూర్వకముగా కట్టిన యొక శిథిలముపైనుండి దుమికి, తుదకు రాజభవనము నెదుట సుమారు 50 మీటర్ల యెత్తునకు ఒకే ధారగా నెగయును. ఇందు యంత్రము లేదు, పంపు లేదు. జనము నీటితోపాటు కొండ దిగుచు నడతురు. పిల్లలు నీటికంటె ముందు చేరవలెనని పరుగిడుదురు. 2013లో ఐక్యరాజ్యసమితి సంస్థ యగు యునెస్కో దీనిని ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చినది. నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని మనవారందురు. ఆ సామెతలోని మొదటి సగము ఈ కొండపై ప్రతి ఆదివారమును ఋజువగుచుండును. రెండవ సగమును మనుష్యులు కూడ నెరుగుటకు చాలకాలము పట్టినది.

హెస్సే-కాసెల్ పెద్ద రాజ్యము కాదు. నేల అంత సారవంతమైనది కాదు, సముద్రము లేదు, బంగారు గనులు లేవు. ఇట్టి సంస్థానమునకు ఇంత రాతికోట, ఇన్ని చిత్రపటములు, ఇంత ఉద్యానవనము ఎట్లు వచ్చెను? ఆ ప్రభువుల ముఖ్యమైన ఎగుమతి సరకు సైనికులు. తమ పల్లెల యువకులను కవాతు నేర్పి, ఆయుధము లిచ్చి, యుద్ధము చేయదలచిన పెద్ద రాజులకు అద్దె కిచ్చుట కార్ల్ ప్రభువు కాలము నాటికే యచ్చటి పద్ధతి యయ్యెను. ఆతని మనుమడు రెండవ ఫ్రీడ్రిక్ (ప్రష్యా దేశపు ప్రసిద్ధుడగు ఫ్రీడ్రిక్ వేరు) 1776 జనవరిలో ఇంగ్లండుతో నొడంబడిక చేసికొనెను. అమెరికాలోని వలసలు తిరుగబడి యుండెను. వానిని అణచుటకు ఇంగ్లీషువారికి మనుష్యులు చాలకుండిరి. ఒక లెక్క ప్రకారము హెస్సే-కాసెల్ నుండి సుమారు 17,000 మంది సముద్రము దాటిరి. వారిలో 6,500 మంది తిరిగి రాలేదు. చచ్చినవారు కొందరు, తుపాకి పారవైచి అమెరికాలోనే వ్యవసాయము చేసికొని నిలిచినవారు కొందరు. ఇతర జర్మను సంస్థానములవారును పోయినను అమెరికనులు అందరిని హెస్సియను లనియే పిలిచిరి. ఒక చిన్న సంస్థానము పేరు కిరాయి సైనికునకు పర్యాయపదమై పోయెను.

1776 డిసెంబరు 26వ తేదీ యుదయమున వాషింగ్టను సేనాని గడ్డకట్టుచున్న నది దాటి వచ్చి ట్రెంటన్ గ్రామమున ఈ హెస్సియనులమీద పడి సుమారు 900 మందిని బందీలుగా పట్టుకొనెను. వారి నాయకుడు గాయపడి చనిపోయెను. సరిగా ఆ చలికాలముననే ఫ్రీడ్రిక్ ప్రభువు ఇటలీలో యాత్ర చేయుచు పురాతన శిల్పములను బేరమాడుచుండెను. ఆతడు కొన్న రోమను కాలపు అపొల్లో విగ్రహము నేటికిని కాసెల్ లోని కొండక్రింది రాజభవనమున నున్నది. కాసెల్ అపొల్లో అని దానికి పేరు. చక్కని విగ్రహము; యువకుని దేహము. ఆ దేహమును చూచుచున్నపుడు ట్రెంటన్ మంచులోని యువకులు జ్ఞప్తికి రాకుండుట నామట్టుకు కష్టము.

ఈ ఫ్రీడ్రిక్ ప్రభువే పట్టణము నడుమ తన పేరిట నొక విశాలమైన మైదానమును తీర్చి, దాని యొడ్డున ఫ్రిడెరిసియానుమ్ అను భవనమును కట్టించెను. శిల్పి సిమోన్ లూయీ ద్యు రీ. 1769లో మొదలైన పని 1779లో ముగిసెను. రాజుల వినోదమునకు కాక ప్రజలు వచ్చి చూచుటకై ఐరోపా ఖండమున కట్టిన మొట్టమొదటి మ్యూజియము భవనములలో ఇది యొకటి. పుస్తకములు, నాణెములు, గడియారములు, విగ్రహములు, జంతువుల యస్థిపంజరములు, అన్నియు నిందుండెను. జ్ఞానము కొందరి సొత్తుగా నుండరాదను గొప్ప యూహకు రాతిరూపమిది. ఆ రాతికి కూలి చెల్లించినది చాలవరకు అద్దెసైన్యపు సొమ్ము. ఈ రెండు వాక్యములును నిజములే. మొదటిదానిని చెప్పి రెండవదానిని దాచుట ముఖస్తుతి; రెండవదానిని చెప్పి మొదటిదానిని కొట్టివేయుట కేవలము కోపము.

ప్రభువుల పక్షమున చెప్పవలసిన మాటయు కలదు. అద్దెసొమ్ము వచ్చుటచేత ఫ్రీడ్రిక్ తన ప్రజల పన్నులను తగ్గించెను. దిక్కులేని శిశువులకు ఆశ్రమము నేర్పరచెను. సైనికులలో ఇష్టపడి చేరినవారును కలరు. జీతములు ఇండ్లకు చేరెను. ఇంగ్లీషు రాజునకు తక్కువమంది చచ్చిరని ఒక జర్మను ప్రభువు నొచ్చుకొన్నట్లు ఆ రోజులలో వ్యాపించిన జాబు కల్పితమని నేడు తెలియును. కావున కాసెల్ ప్రభువును పురాణములలోని రాక్షసునివలె చిత్రించుట చరిత్ర కాదు. అయినను బలవంతముగా పట్టుబడినవారి మాటయు చరిత్రలో నున్నది. యోహాన్ గోట్‌ఫ్రీడ్ జోయ్‌మే అను విద్యార్థి 1781లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమును విడిచి పారిస్ నగరమునకు నడచిపోవుచుండగా హెస్సే సేనలో మనుష్యులను చేర్చువారు దారిలో పట్టుకొనిరి. అతనిని ఓడ యెక్కించి ఆమెరికా ఖండమున హాలిఫాక్సు రేవునకు పంపిరి. తిరిగివచ్చిన పిమ్మట అతడు పేరుపొందిన రచయిత యయ్యెను. అతడు తన జీవితమును వ్రాసికొనుటచేత ఆ యోడలో ఎట్లుండెనో మనకు తెలిసినది. వ్రాయ నేర్వనివారి కథ వారితోనే పోయెను. 1784లో షిల్లర్ మహాకవి వ్రాసిన ‘కపటమును ప్రేమయు’ అను నాటకములో ఒక జర్మను ప్రభువు తన ప్రియురాలికి పంపిన వజ్రముల వెల కొరకు 7,000 మంది ప్రజలు అమెరికాకు పంపబడినట్లు ముసలి సేవకుడొకడు చెప్పును. షిల్లర్ ప్రత్యేకముగా కాసెల్‌ను చూపి వ్రాయలేదు. కాని 7,000 అను సంఖ్యను చదువరులు మనసున నుంచుకొనవలెను. ఇంకొకచోట మరల వచ్చును.

మైదానమునకు సమీపముననే ఓట్టోనేయుమ్ అను చిన్న భవనము కలదు. 1606లో పూర్తియైన ఇది జర్మనీలో నాటకములకొరకే కట్టిన మొదటి శాశ్వత భవనము. నేడు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల. ఇందొక యేనుగు యస్థిపంజరమున్నది. ఆసియా ఖండమునుండి వచ్చి ప్రభువుల జంతుశాలలో పెరిగిన ఏనుగు 1780లో చచ్చెను. 1784లో గేటే మహాకవి శాస్త్రపరిశోధనకై దాని పుర్రెను ఎరువు తెప్పించుకొని, తనకు పిచ్చియెత్తినదని జను లనుకొందురేమో యని లోపలిగదిలో దాచి పరీక్షించెనట. పుర్రెను పంపినవాడు కాసెల్ లోని శరీరశాస్త్ర పండితుడు జోమ్మెరింగ్. ఈ కథ నందరును నవ్వుచు చెప్పుదురు. ఆ జోమ్మెరింగే ప్రభువుల కొలువునకు తేబడి కాసెల్‌లో చనిపోయిన నల్లజాతివారి దేహములను కోసి పరీక్షించి, వారికిని తెల్లవారికిని గల భేదములను గూర్చి 1784లో పుస్తకము ప్రకటించెను. ఏనుగు అస్థిపంజరము చెంత నిలుచువారికి ఈ రెండవ కథయు చెప్పవలెను.

ఆ ప్రదర్శనశాలలో నాకు ప్రియమైనది వేరొకటి. జంతుశాల నధికారము చేయుచుండిన కార్ల్ షిల్డ్‌బాఖ్ అనునాతడు 1771 మొదలు 1799 వరకు ఒక్కడే కూర్చుండి ఒక కొయ్యగ్రంథాలయమును చేసెను. 530 సంపుటములు; ఒక్కొక్కటి ఒక్కొక్క చెట్టు కొయ్యతో పుస్తకాకారముగా చేసిన పెట్టె. వీపు ఆ చెట్టు బెరడు. మూత తెరచిన ఆ చెట్టు ఆకు, పూవు, కాయ, విత్తనము, ఎండిన వానితోను మైనముతోను అమర్చి యుండును. ఈతడు విశ్వవిద్యాలయమున చదివిన పండితుడు కాడు. పెద్దలు కట్టించినవానికంటె ఈ పనివాని ఓర్పు నన్నెక్కువగా ఆకర్షించును. 2012లో అమెరికను కళాకారుడు మార్క్ డయోన్ ఈ గ్రంథాలయమునకు ఓక్ కొయ్యతో క్రొత్త గదిని నిర్మించెను.

చిత్రశాలను గూర్చి రెండు మాటలు. ఫ్రీడ్రిక్ తండ్రి యెనిమిదవ విల్‌హెల్మ్ హాలెండు దేశపు చిత్రములను సేకరించిన రసికుడు. కొండక్రింది రాజభవనములో రెంబ్రాంట్ 1656లో చిత్రించిన ‘యాకోబు యోసేపు కుమారుల నాశీర్వదించుట’ అను పట మొకటి చాలును, అంతదూరము పోయి చూచుటకు. ముసలివాని చేయి మనుమని తలపై నానుచున్నది. గదిలో చప్పుడు లేదు. ఆ చిత్రకారుడు ఆ సంవత్సరముననే అప్పులు తీర్చలేక దివాలా తీసెను.

కాసెల్ నగరమునకు పరువు తెచ్చిన కార్యమొకటి కలదు. ఫ్రాన్సు దేశమున ప్రొటెస్టెంటు మతస్థులను రాజు హింసించుచుండగా, కార్ల్ ప్రభువు 1685లో వారికి తన సంస్థానమున చోటిచ్చెను. ఇందు ధర్మముతోపాటు లాభమును కలదు. వచ్చినవారు నేర్పుగల పనివారు. ఫ్రిడెరిసియానుమ్ కట్టిన ద్యు రీ ఆ శరణార్థుల వంశమువాడే. ఆ శరణార్థుల సంతతిలో మరియొకరు డొరొథేయా ఫీమన్. ఈమె పూటకూళ్లయింట పుట్టి, బండ్లవాండ్ర కథలు వినుచు పెరిగి, దర్జీని పెండ్లాడి, ముసలితనమున తోటలోని కూరలు తెచ్చి కాసెల్‌లో అమ్ముకొను స్త్రీ. గ్రంథాలయమున పనిచేయుచు పల్లెకథలు సేకరించుచున్న గ్రిమ్ సోదరులు, యాకోబును విల్‌హెల్మును, 1813లో ఈమెను కనుగొనిరి. నలువదికి తక్కువకాకుండ కథలను ఈమె వారికి చెప్పెను. చెప్పినకథను మరల చెప్పుమన్న మాట మారకుండ చెప్పునట. 1815లో ఈమె మరణించెను. 1819లో వెలువడిన ముద్రణలో ఆమె చిత్రమును సోదరులు చేర్చిరి. అచ్చమైన హెస్సే పల్లెపడతి యని వారు లోకమునకు పరిచయము చేసిరి. ఆమె పెద్దలు ఫ్రాన్సునుండి శరణుజొచ్చి వచ్చినవారను మాటకు వారంత ప్రాధాన్యమియ్యలేదు. జర్మనుల యింటింట వినబడు కథలలో పరదేశపు శరణార్థుల బిడ్డ గొంతు కలిసియున్నదని తెలిసిన నష్టమేమి? 2015లో తెరచిన గ్రిమ్‌వెల్ట్ అను ప్రదర్శనశాల ఈ కథల పుట్టువులను వివరించుచున్నది. బిడ్డలతో పోవువారు మొదట చూడదగిన చోటు.

సంస్థానము 1866లో ప్రష్యాలో కలిసిపోయినది. పట్టణమున హెన్షెల్ వారి రైలింజను కర్మాగారము పెరిగినది. పడమటి క్రొత్తపేటను నెలకొల్పినవాడు సిగ్మండ్ ఆష్రోట్ అను యూదు వర్తకుడు. నారబట్టల వ్యాపారమున ధనమార్జించెను. పట్టణసభ క్రొత్త భవనము కట్టుకొనుచుండగా 1908లో ఆతడు దాని యెదుట ఫౌంటెను నొకదానిని బహూకరించెను. సభాభవనపు శిల్పి కార్ల్ రోత్ దానిని గీచెను. పండ్రెండు మీటర్ల యెత్తు గల రాతిశిఖరము, చుట్టును నీటితొట్టి. ఆష్రోట్ 1915లో మరణించెను. తరువాత జరిగినదానిని చూడలేదు.

1933 మే 19వ తేదీని ఫ్రీడ్రిక్ మైదానమున, ప్రజల మ్యూజియము నెదుట, నాజీలు పుస్తకములను కుప్పవేసి తగులబెట్టిరి. 1938 నవంబరు 7వ తేదీని కాసెల్‌లో యూదుల ప్రార్థనామందిరమును పాడుచేసిరి; దేశమంతట ఆ ఘాతుకము జరిగినది రెండు దినముల పిమ్మట. 1939 ఏప్రిలులో నొక రాత్రి ఆష్రోట్ ఫౌంటెనును కూలద్రోసిరి. యూదుని ఫౌంటెను అని వారు దానికి పెట్టిన పేరు. 1941 డిసెంబరు 9వ తేదీని కాసెల్ రైలుస్టేషనునుండి ఆ ప్రాంతపు యూదులను సుమారు వేయిమందిని రీగా పట్టణమునకు తరలించిరి. మరల వచ్చినవారు కొలదిమంది. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే విమానదాడిలో ఫ్రిడెరిసియానుమ్ గ్రంథాలయము కాలి మూడులక్షలకు పైగా గ్రంథములు బూడిదయ్యెను. 1943 అక్టోబరు 22వ తేదీ రాత్రి ఇంగ్లీషు విమానములు పట్టణము నడిబొడ్డును కాల్చివేసెను. సుమారు 10,000 మంది చనిపోయిరి. పాతపట్టణపు కొయ్యయిండ్లు నేడు చిత్రములలో మాత్రమే కానవచ్చును.

పైకప్పు లేని ఫ్రిడెరిసియానుమ్ గోడలకు సున్నము కొట్టి, ఆర్నోల్డ్ బోడె అను ఆ యూరి చిత్రకారుడు 1955లో ఒక ప్రదర్శనము నేర్పాటు చేసెను. నాజీలు ఆతనిని 1933లో ఉపాధ్యాయపదవినుండి తొలగించి యుండిరి. ప్రదర్శనము పేరు డోకుమెంటా. నాజీలు 1937లో భ్రష్టకళ యని యెగతాళి చేసి ఊరూర త్రిప్పిన కళను గౌరవముతో మరల నిలిపి చూపుట ఆతని యుద్దేశము. లేంబ్రుక్ శిల్పి చేసిన మోకాళ్లూనిన స్త్రీవిగ్రహము 1937లో ఆ యెగతాళికి గురియైనది; 1955లో ఆమెయే లోపలి మెట్లచెంత అతిథుల నెదుర్కొనెను. లక్షా ముప్పదివేలమంది వచ్చిరి. అదియే పెరిగి నేటి నూరుదినముల ప్రదర్శనమైనది. ఇది యెంతయు మెచ్చదగిన కథ. ఇందును దాచినదొకటి కలదు. బోడెకు కుడిభుజమై ప్రదర్శనమునకు సిద్ధాంతమును సమకూర్చిన వెర్నర్ హాఫ్ట్‌మన్ అను పండితుడు తాను నాజీపక్ష సభ్యుడైన మాటను జీవితాంతము చెప్పలేదు. ఆ సంగతి వెలువడుటకును, 2021లో బెర్లినులోని చరిత్ర ప్రదర్శనశాల దానిని బహిరంగముగా చూపుటకును అరువదేండ్లు పైబడెను. భ్రష్టులని నిందింపబడిన కళాకారుల పటములు గోడలమీదికి వచ్చినను, చంపబడిన యూదు చిత్రకారులకు 1955 నాటి గోడలపై చోటు దొరకలేదు. గాయమునకు కట్టుకట్టిన చేయియే గాయపు లోతును మరుగుపరచినది.

డోకుమెంటా ముగిసిన పిమ్మట కొన్ని వస్తువులు ఊరిలోనే నిలిచిపోవును. 1977లో అమెరికను శిల్పి వాల్టర్ డె మరియా మైదానము నడుమ ఒక కిలోమీటరు లోతున నిత్తడి కడ్డీని నిలువుగా పాతెను. పైకి కనబడునది అయిదు సెంటీమీటర్ల గుండ్రని బిళ్ల మాత్రమే. వ్యర్థవ్యయమని పలువురు తిట్టిరి. కొండమీద హెర్క్యులీసునకును దీనికిని గల భేదము నాకు నచ్చును. అంతకంటె చెప్పవలసినది లేదు.

1982 మార్చి 16వ తేదీని యోసెఫ్ బాయ్స్ అను కళాకారుడు ఫ్రిడెరిసియానుమ్ నెదుట ఒక ఓక్ మొక్కను నాటి, దానిచెంత నల్లని బసాల్టు రాతిస్తంభము నొకదానిని పాతెను. అట్టి రాళ్లు 7,000 ఆ మైదానములో కుప్పపోసి యుండెను. ఊరిలో ఎవరో ఒకరు ఒక చెట్టు నాటినగాని కుప్పలోనుండి ఒక రాయి కదలదు. చెట్టు కొకటికి 500 మార్కులు చందా. సొమ్ము చాలక బాయ్స్ రష్యా చక్రవర్తి కిరీటమునకు నకలైన బంగారు కిరీటమును అదే మైదానమున జనుల యెదుట కరగించి కుందేలుబొమ్మగా పోతపోసెను. రాళ్లకుప్ప అసహ్యముగా నున్నదని పౌరులు గొణిగిరి; ఆ గొణుగుడే చెట్లను నాటించినది. 1986లో బాయ్స్ చనిపోయెను. 1987 జూనులో ఆతని కుమారుడు చివరి మొక్కను మొదటిదాని ప్రక్కనే నాటెను. నేడు కాసెల్ వీథులలో, బడుల ఆవరణలలో, చెట్టును రాయియు జంటగా కనబడును. నాటిననాడు రాయి మొక్కకంటె బలమైనది. నేడు రాయి చెట్టు మొదట బిడ్డవలె నున్నది. షిల్లర్ నాటకములోని 7,000 సంఖ్యకును దీనికిని సంబంధమున్నదని నేననను. బాయ్స్ అట్లు చెప్పలేదు. కాని సైనికుల సొమ్ముతో తీర్చిన మైదానమునుండి ఏడువేల రాళ్లు బయలుదేరి ఊరంతట నిలిచి, ఒక్కొక్కటి ఒక ప్రాణిని కాచుచున్నదని తలచినపుడు, ఆ రెండు సంఖ్యలును నా మనసున వేరుపడవు.

2017లో అర్జెంటీనా దేశపు కళాకారిణి మార్తా మినుహీన్ పుస్తకములు కాల్చిన ఆ చోటనే గ్రీకుల పార్థెనన్ దేవాలయము నాకారమున నొక యినుపచట్రమును నిలిపి, ఏదో యొక దేశమున ఏదో యొక కాలమున నిషేధింపబడిన పుస్తకములను దానికి కట్టించెను. ప్రజలే తమ యిండ్లనుండి తెచ్చియిచ్చిరి. తుదకు మరల ప్రజలకే పంచిరి. ఆ సంవత్సరముననే నైజీరియాలో పుట్టిన ఓలు ఒగుయిబె రాజచౌకమున పదియారు మీటర్ల స్తంభమును నిలిపి, పరదేశి కాతిథ్యమిచ్చుటను గూర్చిన సువార్తవాక్యమును జర్మను, ఇంగ్లీషు, అరబ్బీ, తుర్కీ భాషలలో చెక్కించెను. దానిమీద పట్టణసభలో పెద్ద రగడ జరిగినది. 2018 అక్టోబరులో దానిని విప్పిరి. మరుసటి సంవత్సరము ఇంకొక వీథిలో మరల నిలిపిరి. 1685లో పరదేశులకు తలుపు తెరచిన యూరికి ఆ వాక్యమెందుకు బరువయ్యెనో! 2022లో ఇండోనీసియా కళాకారుల పెద్ద తెరచిత్రములో యూదులను హీనపరచు బొమ్మలు కనబడగా, మొదట నల్లగుడ్డ కప్పి, పిదప దించివేసిరి. ఫ్రీడ్రిక్ మైదానమున, అందులోను కాసెల్‌లో, అట్టి బొమ్మ ఎవరి కంటను ముందుగా పడకపోవుట మిక్కిలి శోచనీయము.

ప్రదర్శనముల కెవరును పోని ఉత్తరపు వీథిలో నొక చిన్న చౌకము కలదు. 2006 ఏప్రిల్ 6వ తేదీని ఆ వీథిలో తన ఇంటర్నెట్ దుకాణమున కూర్చుండిన హలిత్ యోజ్‌గాత్ అను 21 యేండ్ల యువకుని నయానాజీల ముఠా కాల్చి చంపినది. ఆతడు తుర్కీ కుటుంబమువాడు. అట్లే చంపబడిన పరదేశవంశీకులలో ఆతడు తొమ్మిదవవాడు. పదియవ హత్య జరుగరాదని మరుసటి నెలలో చచ్చినవారి బంధువులు కాసెల్ వీథులలో ఊరేగిరి. పోలీసువారు మాత్రము ఏండ్లతరబడి ఆ కుటుంబములనే శంకించిరి. నిజము 2011లో గాని బయటపడలేదు. తన కుమారుడు పుట్టి, చచ్చిన వీథికి ఆతని పేరు పెట్టవలెనని తండ్రి కోరెను. పట్టణసభ 2012లో వీథికి కాక, చిన్నచౌకమునకు పెట్టినది. ఇచ్చినది కొంచెము, అడిగినవాడు తండ్రి.

ఇక సభాభవనము నెదుటి ఫౌంటెను మాట. నాజీలు శిఖరమును కూల్చినపిమ్మట తొట్టి మిగిలెను. దానిలో మన్నుపోసి పూలమొక్కలు నాటిరి. ఊరివారు దానిని ఆష్రోట్ సమాధి యనిరి. యుద్ధానంతరము ఏమైనదని యడిగిన, ఇంగ్లీషు బాంబు పడి పోయెననువారే యెక్కువ. చేసినవారు మరచిరి, చూచినవారును మరచిరి. 1980 తరువాత దానిని తిరిగి నిలుపవలెనను మాట వచ్చెను. పోయినదానిని పోయినట్లే అచ్చుగుద్ది నిలిపినయెడల, ఏమియు జరుగనట్లే యుండును గదా యని శిల్పి హోర్స్ట్ హోహైసెల్ దానికి సమ్మతింపలేదు. ఆతడు పాత శిఖరపు ఆకారమును లోపల బోలుగా కాంక్రీటుతో చేసి, కొన్నాళ్లు జనులు చూచుటకు చౌకమున నుంచి, 1987లో దానిని తలక్రిందుగా, పూర్వము నిలిచిన చోటనే, పండ్రెండు మీటర్ల లోతున భూమిలోనికి దింపెను. పైన మిగిలినది నేలమట్టపు రాతిచౌకమును, సన్నని కాలువలును, ఇనుపజాలీయును. కాలువల నీరు నడిమికి పోయి జాలీగుండ క్రిందికి పడును.

యాత్రికునకు అచ్చట చూచుటకేమియు లేదు. పనిమీద పోవువారు దానిమీదుగానే నడతురు; సైకిళ్లు పోవును. ఎవరైన నడుమ నిలిచి తలవంచినగాని నీటిచప్పుడు వినబడదు. వినబడినపుడు గాని కాలిక్రింద ఎంత లోతున్నదో తెలియదు. జ్ఞాపకచిహ్నము క్రిందనున్నది కాదు, పైన నిలిచి తలచువాడే యని ఆ శిల్పి యభిప్రాయము.

ఆ హోహైసెల్‌యే బడిపిల్లల వద్దకు పోయి, కాసెల్ నుండి తరలింపబడిన యూదుల పేర్లపుస్తకమును వారి ముందుంచెను. ఒక్కొక్క బిడ్డ ఒక్కొక్క పేరును ఎన్నుకొని, ఆ మనిషి ఏ వీథిలో కాపురముండెనో, ఏమి పని చేసెనో, ఇరుగుపొరుగు ముసలివాండ్ర నడిగి తెలిసికొని, కాగితముమీద వ్రాసి, ఆ కాగితమును ఒక గులకరాతికి చుట్టి తెచ్చెను. ఆ రాళ్లను సామాను మోయు బండ్లపై పేర్చి కాసెల్ రైలుస్టేషనులో, ఆ బండ్లు పూర్వము నడచిన చోటనే, నిలిపిరి.